ఎక్కని గంజాయి

లాకప్పులో జాక్సన్ ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. పై పెదవి చిట్లి, కారిన నెత్తురు గడ్డం మీంచి బనీను దాకా చార కట్టి ఎండిపోయింది. అరికాళ్ళు వాచి నేల మీద ఆనడం లేదు. అన్ని దెబ్బలు తిన్నవాడు మూలగాలి, తిట్టాలి, కనీసం నీళ్ళడగాలి. వాడు ఏదీ చేయకుండా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ప్రైవేటు డిటెక్టివ్ గవర్రాజుకి ఆ దెబ్బల కంటే ఆ కూర్చోవడమే ఎక్కువ భయం పుట్టించింది.

గవర్రాజు లాకప్పులు ఎరగనివాడేం కాదు. పదకొండేళ్ళు ఎస్సైగా చేశాడు. ఒక పెద్దాయన బావమరిదిని స్టేషన్ నడిమధ్య నిలబెట్టి చెంప పగలగొట్టి, రాజీనామా చేయమంటే అక్కడికక్కడే రాసిచ్చి, ఫిషింగ్ హార్బరు రోడ్డులో ఒక గది తీసుకుని బోర్డు కట్టుకున్నాడు. అప్పట్నుంచీ మొగుళ్ళ వెనకా, పోర్టు గోడౌన్లలో సరుకు మాయం చేసేవాళ్ళ వెనకా తిరిగి బతుకుతున్నాడు. ఈ రెండువేల ఏడులో మొట్టమొదటిసారి ఒక హత్యకేసు గుమ్మంలోకొచ్చింది. తీరా చూస్తే ముద్దాయి తానే చంపానని ఒప్పుకుని కూర్చున్నాడు. అతని జాతకం అలాంటిది.

జాలరిపేట పక్క సందులో ఒక క్లినిక్కు ఉంది. జ్వరాలకీ దగ్గులకీ వెళ్ళే క్లినిక్కు కాదది. ఒళ్ళూ షుగరూ తగ్గించే కొత్త మాత్రను మనుషుల మీద పరీక్ష చేయడానికి ఒక మందుల కంపెనీ పెట్టింది. లావుపాటి మనుషుల్ని పోగుచేసి రోజూ మాత్ర మింగించి, వారానికోసారి బరువు తూచి, రక్తం తీసి పంపుతారు. హార్బర్లో మరబోటు నడిపే సరంగుగా చేసే జాక్సన్ వాళ్ళలో ఒకడు. గురువారం సాయంత్రం ఆ క్లినిక్కు పెద్ద డాక్టరు సత్యం, బరువు తూచే గదిలో తల పగిలి చచ్చిపోయాడు. జాక్సన్ ఆ శవం పక్కనే, కాటా తాలూకు ఇనప గుండు ఒళ్ళో పెట్టుకుని దొరికాడు. ఎవరు చంపారంటే నేనే అన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక జాక్సన్ తల్లి దీవెనమ్మ బైబిలు చంకన పెట్టుకుని తిన్నగా గవర్రాజు గదికొచ్చింది. తన కొడుకు కోడిని కూడా కోయలేడని చెప్పింది. అందరు తల్లులూ ఆ మాటే చెప్తారు. కానీ ఆవిడ ఏడవకుండా చెప్పింది, అందుకే కేసు పట్టుకున్నాడు.

ఇప్పుడు సోమవారం మధ్యాహ్నం. దీవెనమ్మ ఊచల్లోంచి చెయ్యి పెట్టి ముద్ద కలిపి అందిస్తోంది. జాక్సన్ మొహం తిప్పుకున్నాడు.

"ఒద్దమ్మా. నన్నొగ్గేయ్."

గవర్రాజు ఊచల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. "ఏటితో కొట్టినావురా డాక్టర్ని?"

"గుండుతో."

"ఏ చేత్తో?"

"తెల్దు."

"ఎన్నిసార్లు?"

"తెల్దు బాబూ. ఎన్నిసార్లయితే ఏటి? ఉరేసీమనండి. తొందరగా ఏసీమనండి."

తప్పు చేసి దాచేవాడు కథ అల్లుతాడు. వీడికి అల్లే ఓపిక కూడా లేదు. వీడు దాచిపెట్టడం లేదు, ఒదిలించుకుంటున్నాడు. పైగా డాక్టర్ని చంపాల్సిన పని వీడికేముంది? అది అడిగితే జాక్సన్ మళ్ళీ గోడకేసి తిరిగాడు.

వెనకనించి బూట్ల చప్పుడు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ అచ్యుతరామయ్య. ఇద్దరూ ఒకే బ్యాచి, ట్రైనింగులో ఒకే గది, అప్పట్నుంచీ ఒకళ్ళనొకళ్ళు బావ అనుకుంటారు. ఆ పిలుపులో చుట్టరికం ఎప్పుడో చచ్చిపోయింది, పిలుపు మాత్రం మిగిలింది.

"ఏటి బావా, బేరాల్లేక స్టేషన్ల మీద పడ్డావా?"

"ఒప్పుకున్నవాణ్ణి కూడా కొట్టాలేంటి బావా? చేతులూరుకోవా?"

"ఎందుకు చంపాడో చెప్పలేదు. చెప్తాడని కొట్టాం." అచ్యుతరామయ్య టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. "ఇంక అక్కర్లేదులే. చూసినవాడు దొరికాడు. వాడూ వీడూ కలిసి క్లినిక్కు గోడ వెనక గంజాయి కొట్టారు. వీడికి ఎక్కేసింది, ఆ మత్తులో లోపలికి పోయి డాక్టరు బుర్ర పగలగొట్టాడు. రేపు అరెస్టు చూపించి, పదిన్నరకి మేజిస్ట్రేటు ముందు ఇదే ముక్క వీడి నోటితో చెప్పిస్తాను. తర్వాత నువ్వు ఎంత తవ్వుకున్నా అది మట్టే."

గవర్రాజుకి తెలుసు అది నిజమని. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో నిలవదు. మేజిస్ట్రేటు ముందు చెప్పింది మాత్రం మెడకి చుట్టుకుంటుంది. రేపు పదిన్నర దాటితే జాక్సన్ చేయి దాటిపోయినట్టే.

చూసినవాడెవరని అడిగితే సీఐ గర్వంగానే చెప్పాడు. పేరు నాగవంశీ, హార్బర్లో ఐసు ఫ్యాక్టరీ పనివాడు, వాడూ ఆ మాత్రలు మింగే గుంపులోవాడే.

దీవెనమ్మ ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని లేచింది. "ఆడు గంజాయి ముట్టడు బాబూ. రెండు నెల్లయినాది. ప్రభువు మాన్పించినాడు. ఒకరోజు ఆడంతట ఆడే పొట్లం తీసుకెల్లి సముద్రంలో ఇసిరేసినాడు. మా సంగంలో అందరి ముందరా నిలబడి సాక్షెం సెప్పినాను."

అచ్యుతరామయ్య నవ్వేశాడు. ఏజెన్సీ నుంచి దిగే గంజాయి లారీలు తాను ఎన్నో పట్టుకున్నానని, గంజాయి మానేసినవాడు మాత్రం ఒక్కడూ తన కంటపడలేదని చెప్పాడు. ప్రార్థనతో గంజాయి మానడం గవర్రాజుకీ నమ్మకం కుదరలేదు. కానీ ఆవిడ మొహం చూసి నవ్వలేదు.

బయటికొస్తుంటే ఇంకో గొడవ. కారేజీ అడుగు గిన్నెలో ఒక మాత్రల అట్ట ఉందని కానిస్టేబులు పట్టుకున్నాడు. క్లినిక్కులో చిన్న డాక్టరమ్మ ధనశ్రీ ఇచ్చిందట, మాత్రలు ఉన్నట్టుండి మానేస్తే గుండెకి ప్రమాదమని చెప్పిందట. మూడు రోజులుగా కానిస్టేబులు కళ్ళుగప్పి అన్నంలో పెట్టి ఇస్తోంది దీవెనమ్మ. అచ్యుతరామయ్య వీల్లేదన్నాడు. గవర్రాజుకి పాత పోలీసు బుద్ధి పైకొచ్చింది.

"డాక్టరు రాసిచ్చిన మందు ఆపించి, వాడు నీ లాకప్పులో గుటుక్కుమంటే ఏం రాస్తావు బావా? మానవ హక్కులవాళ్ళకి నేనే ఫోన్ చేస్తాను."

సీఐ పళ్ళు కొరుక్కుని చెయ్యి ఊపాడు. దీవెనమ్మ లోపలికి పరిగెత్తింది. గవర్రాజు ఆ రోజుకి ఒక్క గెలుపైనా దక్కిందనుకుని స్కూటరు తీశాడు.

*

బరువు తూచే గదిలో నెత్తురు ఎండి నల్లబడిపోయింది. గోడ మీద తల ఎత్తున చిమ్మింది చిమ్మినట్టే ఉంది. మూలన పెద్ద కాటా, పక్కన వరసగా ఇనప గుండ్లు, ఒక గుండు ఉండాల్సిన చోట ఖాళీ.

గవర్రాజు మార్చురీలో తనకి తెలిసినవాళ్ళ ద్వారా శవాన్ని పొద్దున్నే చూసొచ్చాడు. నడినెత్తి చితికిపోయి ఉంది. అది గుండు పనే. కానీ చెవి వెనక ఇంకో గాయం ఉంది. బొటనవేలు దూరేంత కన్నం, లోపలికి బెత్తెడు పోయింది. గుండుకి మొన ఉండదు. చితకొట్టడమే తప్ప పొడవడం దాని వల్ల కాదు. అంటే ముందు దేనితోనో పొడిచి, ఆ గాయం కనపడకుండా తర్వాత గుండుతో మోదారు. పోలీసు కాగితాల్లో ఆ కన్నం గురించి "ఇతర గాయము" అని రెండు ముక్కలు రాసి ఊరుకున్నారు.

మోకాళ్ళ మీద వంగి గడప చూశాడు. చెక్కకీ గచ్చుకీ మధ్య సందులో నెత్తుటితో ముద్దకట్టిన రంపపు పొట్టు చిటికెడు ఉంది. తెల్లగా నున్నగా తుడిచిన క్లినిక్కులో రంపపు పొట్టుకేం పని? గోరుతో తీసి రుమాల్లో కట్టుకున్నాడు.

"దొరికిందా ఏమైనా?" అని గుమ్మంలోంచి ఆడగొంతు.

డాక్టర్ ధనశ్రీ. ముప్ఫై నాలుగేళ్ళుంటాయి. కృష్ణా జిల్లా మాట, తెల్లకోటు, నిద్రలేని కళ్ళు. తండ్రి స్టీల్ ప్లాంటు ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. డాక్టరు సత్యం దగ్గర ఆరేళ్ళుగా పనిచేస్తోంది. హత్య జరిగిన సమయంలో తాను మేడమీద రక్తం సీసాలు సర్దుకుంటున్నానని, అరుపు వినపడలేదని, దిగివచ్చి చూసేసరికి జాక్సన్ శవం పక్కన కూర్చుని ఏడుస్తున్నాడని చెప్పింది. ఈ మాటలు పోలీసులకి ఎలా చెప్పిందో అక్షరం పొల్లుపోకుండా అలాగే చెప్పింది.

గవర్రాజు మాట మార్చాడు. ఆ మాత్ర ఏం చేస్తుందో తనలాంటి మొద్దుకి అర్థమయ్యేలా చెప్పమన్నాడు. అంతవరకూ పొడిపొడిగా మాట్లాడిన మనిషి కళ్ళలోకి ఒక్కసారిగా వెలుగొచ్చింది. స్టూలు లాక్కుని కూర్చుంది.

గంజాయి తాగితే మత్తెందుకు ఎక్కుతుందో చాలాకాలం ఎవరికీ తెలియదంది. తీరా చూస్తే మన మెదడులోనే దానికి సరిపోయే తాళాలున్నాయి. వాటిని రిసెప్టర్లంటారు. మన ఒళ్ళే ఆ తాళాలకి తాళంచెవులు తయారు చేసుకుంటుంది, గంజాయిది దొంగ తాళంచెవి. తాళం తెరుచుకుంటే ఆకలి వేస్తుంది, నొప్పి తెలియదు, మనసు తేలికపడుతుంది. కావలసినచోట తెరవడం నేర్చుకుంటే నరాల నొప్పికీ, మూర్ఛకీ, క్యాన్సరు రోగుల వాంతులకీ మందు దొరుకుతుంది. మూయడం నేర్చుకుంటే ఒళ్ళూ షుగరూ తగ్గుతాయి.

"మా మాత్ర ఆ తాళంలో ఇరుక్కుని కూర్చుంటుంది గవర్రాజుగారూ. ఇంక ఏ తాళంచెవీ దూరదు. ఆకలి పుట్టదు. ఇది బయటికొస్తే ఎన్ని లక్షల మంది బాగుపడతారో మీరు ఊహించలేరు."

ఆమె మాటలో అబద్ధం లేదు. గవర్రాజు అబద్ధాన్ని వాసనతో పట్టగలడు. ఆమె ఆ మాత్రని కడుపున పుట్టినదాన్ని చూసుకున్నట్టు చూసుకుంటోంది.

"అయితే మాత్ర మింగినవాడు గంజాయి తాగితే?"

"ఒట్టి పొగే. ఎక్కదు. ఎలకల మీద మేం మొదట చూసే పరీక్షే అది."

గవర్రాజుకి రెండు నెలల కిందట పొట్లం సముద్రంలోకి విసిరేసిన జాక్సన్, సంఘం ముందు నిలబడ్డ దీవెనమ్మ కళ్ళముందు కదిలారు. వాడు మానలేదు. వాడికి ఎక్కడం ఆగిపోయింది. ఎక్కని సరుకు ఎందుకని పారేశాడు. ఆ తల్లి ఊరందరి ముందూ చెప్పిన సాక్ష్యం, ఆవిడకి తెలియకుండానే, కోర్టులో చెప్పదగ్గ సాక్ష్యం అయి కూర్చుంది.

"పోలీసులు జాక్సన్‌కి గంజాయి ఎక్కి డాక్టర్ని చంపాడంటున్నారండి" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

పెన్ను మూత పెడుతున్న ధనశ్రీ చెయ్యి ఆగిపోయింది. ఆ ముక్క ఆమెకి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదని గవర్రాజుకి అర్థమైంది.

"గంజాయా? ఎవరు చెప్పారు?"

"చూసినవాడొకడున్నాడు లెండి."

"అందరికీ అసలు మాత్ర ఇవ్వం" అంది ఆమె గబగబా. "సగం మందికి ఉత్త పిండి మాత్రలు. పైకి రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఎవరికేది పడిందో మింగేవాళ్ళకీ తెలియదు, ఇచ్చే మాకూ తెలియదు. పరీక్ష పద్ధతే అది. జాక్సన్‌ది పిండి మాత్రే అయ్యుంటుంది."

"అయ్యుండొచ్చు" అని గవర్రాజు లేచి దండం పెట్టాడు.

*

ఐసు ఫ్యాక్టరీలో మిషను ఆగి ఉంది. సాయంత్రం బోట్లు ఒడ్డుకొచ్చేదాకా పని లేదు, మనుషులంతా టీలకి పోయారు. నాగవంశీ ఒక్కడే ఉన్నాడు. మనిషెత్తు ఐసు దిమ్మల్ని కొక్కెంతో లాగి రంపపు పొట్టులో పొర్లించి పేరుస్తున్నాడు. కరిగిపోకుండా పొట్టు కప్పుతారు. వాడి పాదాలకీ మోచేతులకీ అదే పొట్టు. చేతిలో కొక్కెం మొన బొటనవేలంత లావుంది.

గవర్రాజు రుమాలు జేబులోనే ఉంచుకుని, సీఐగారు పంపారని అబద్ధమాడి, కోర్టులో తడబడకుండా ఒకసారి కథంతా చెప్పమన్నాడు. నాగవంశీ హుషారుగా చెప్పాడు. తామిద్దరూ గోడ వెనక కూర్చుని చెరో రెండు చుట్టలు పీల్చారు. జాక్సన్ ముందు నవ్వాడు, తర్వాత కళ్ళెర్రజేసి లేచాడు, వద్దంటున్నా వినకుండా లోపలికి పోయాడు.

"నీకూ ఎక్కిందా?"

"ఎక్కకేటి? మంచి సరుకు. పాడేరుది."

"నువ్వూ ఆ మాత్రలే మింగుతున్నావు కదా?"

"ఆ. రోజూ. దానికీ దీనికీ ఏటి సమ్మందం గురూ?"

"నీ ఒళ్ళేమైనా తగ్గిందా?"

నాగవంశీ తన బొజ్జ చూసుకుని నవ్వాడు. "ఎక్కడ తగ్గుతాది? కూడు బాగా సయిస్తంటే."

"అదే మరి. నీకు పడింది పిండి మాత్ర. జాక్సన్‌కి పడింది అసలుది. అసలుది మింగినవాడికి పాడేరు కొండంతా తగలెట్టి పొగబెట్టినా ఎక్కదు. వాడు రెండు నెలల కిందటే సరుకు సముద్రంలో పారేశాడు, వంద మంది విన్నారు ఆ సంగతి. నీకు ఎక్కుతోంది కదాని వాడికీ ఎక్కించేశావు."

నాగవంశీ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. కళ్ళలోంచి మాత్రం వెళ్ళిపోయింది.

"ఇంకోటి" అన్నాడు గవర్రాజు రుమాలు విప్పుతూ. "ఈ పొట్టు డాక్టరు నెత్తుట్లో దొరికింది."

మాట పూర్తవలేదు. కొక్కెం గాల్లో లేచింది. గవర్రాజు తల వెనక్కి లాక్కుని ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు. మొన అరచేతిలో దిగి అవతలికి వచ్చింది. నాగవంశీ కొక్కేన్ని గుంజాడు, దానితోపాటు గవర్రాజునీ గుంజాడు. ఇద్దరూ తడి గచ్చు మీద జారి పడ్డారు. పైకి లేచింది ముందు నాగవంశీయే. కొక్కెం ఊడబెరికి, గవర్రాజు జుట్టు పట్టుకుని ఈడ్చుకెళ్ళి మిషను మీటనొక్కాడు. ఐసు చితకగొట్టే పళ్ళు గరగరమంటూ తిరగడం మొదలెట్టాయి. గాయపడ్డ చేతిని పట్టుకుని మిషను నోట్లోకి తోస్తున్నాడు. నెత్తురు చుక్కలు పళ్ళ మీద పడి చిమ్ముతున్నాయి.

గవర్రాజుకి భయం వేసింది. బాగా వేసింది. యాభై ఏళ్ళకి దగ్గరపడుతున్న ఒళ్ళు, అవతల దిమ్మలు మోసే కండ. కుడిచెయ్యి నేల మీద తడుముకుంటే పగిలిన ఐసు ముక్క దొరికింది, కొబ్బరికాయంత. బలమంతా కూడదీసుకుని నాగవంశీ మోకాటి చిప్ప మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు మిషను రొదలోనూ వినపడింది. వాడు అరుస్తూ కూలాడు. గవర్రాజు వాడి ఛాతీ మీద కూర్చుని మొహం మీద మళ్ళీ కొట్టాడు. ముక్కు చదునైంది. మళ్ళీ కొట్టాడు. పళ్ళు రెండు గచ్చు మీద పడ్డాయి. ఇంకోసారి లేచిన చెయ్యిని తానే ఆపుకోవాల్సి వచ్చింది. ఆ ఆపుకోలేకపోవడమే అప్పట్లో ఉద్యోగం తీసింది.

"ఎవరు చేయించారు?"

నాగవంశీ నెత్తురు ఉమ్మాడు. "మేడమ్."

దాచడానికి వాడిలో ఓపిక లేదు. అచ్యుతాపురంలో కంపెనీ కొత్తగా కట్టే ఫ్యాక్టరీలో పర్మినెంటు పోస్టు ఇప్పిస్తానంది. శుక్రవారం నుంచి పరీక్ష ఆపేస్తానని డాక్టరు పట్టుబట్టాడట. డాక్టర్ని కాటా దగ్గరికి ఆమే పిలిచింది, తలుపు వెనక వీడు నిలబడ్డాడు. ఆ తర్వాత ఆమె రమ్మన్న వేళకి జాక్సన్ వచ్చి, శవం పక్కన కూలబడి, అక్కడ పడి ఉన్న గుండు ఒళ్ళోకి తీసుకున్నాడు.

"ఎందుకు ఆపేస్తానన్నాడు డాక్టరు?"

"కాసులమ్మ లేదా, సేపలమ్మేది. ఆ మాత్రలు మింగి మింగి నవ్వడం మానేసినాది. పోయిన నెల సముద్రంలోకి నడిసెల్లిపోనాది. ఆకలి ఆపే మాత్ర బతకాలన్న ఆశ కూడా ఆపేత్తందని డాక్టరు అన్నాడు. మేడమ్ ఏడిసినాది గురూ. ఒకరిద్దరు పోతే లచ్చలమంది బాగుపడతారు కదా అన్నాది." వాడు పగిలిన నోటితో నవ్వడానికి ప్రయత్నించాడు. "నువ్వు రేపు కోర్టుకి ఎవుణ్ణి తీసుకెల్తావు? జాక్సన్ రేపటిదాకా ఉండడు. ఆడికి అసలు మాత్రలే, రోజుకి ఒకటి కాదు, మూడేసి పంపుతన్నాది. ఆడి సావు ఆడే సత్తాడు, కేసు మూసేత్తారు."

గవర్రాజు ఐసు ముక్క పారేసి లేచాడు. జాక్సన్ ఏడుపూ, ఆ గోడకేసి చూడటమూ, వాడి 'తొందరగా ఏసీమనండి' అన్న మాటా అప్పుడు అర్థమయ్యాయి. జాక్సన్ ఒప్పుకున్నది నేరాన్ని కాదు. చచ్చిపోవడానికి ఎవరో దారి చూపిస్తే అందులోకి నడిచాడు. ఆ దారికి అడ్డుపడ్డ కానిస్టేబుల్ని తప్పించి, సీఐతో పోట్లాడి, మాత్రల అట్టని స్వయంగా లోపలికి పంపించింది గవర్రాజే.

*

నాగవంశీని మిషను కాలికి తాడుతో కట్టేసి, రుమాలు చేతికి చుట్టుకుని ఫోన్ చేశాడు. అచ్యుతరామయ్య ఎత్తాడు.

"బావా, జాక్సన్‌ని చూడు. ఇప్పుడే వెళ్ళి చూడు. వాడు ఉరేసుకుంటాడు."

"మళ్ళీ మొదలెట్టావా నీ నాటకాలు?" అని అవతల ఫోన్ పెట్టేశారు. మళ్ళీ చేస్తే కట్ చేశారు.

స్కూటరు మీద ఒంటిచేత్తో ఎలా వచ్చాడో అతనికే తెలియదు. దారిలో రెండుచోట్ల గుద్దాడు, ఎవరో తిట్టారు. స్టేషన్లోకి పరిగెత్తేసరికి బల్లల దగ్గర ఒక్కరూ లేరు. లాకప్పు వైపు నుంచి అరుపులు.

తలుపు బార్లా తెరిచి ఉంది. జాక్సన్ లుంగీ చీలిక కిటికీ ఊచకి బిగిసి ఉంది. దాని కింద అచ్యుతరామయ్య, ఆ భారీ మనిషి కాళ్ళు రెండూ భుజాన వేసుకుని, మెడనరాలు ఉబ్బిపోయి, కత్తి తెమ్మని కానిస్టేబుళ్ళ మీద బూతులు కురిపిస్తున్నాడు. ఫోన్ పెట్టేశాక అతని కాళ్ళు ఊరుకోలేదన్నమాట. ఆ ఒక్క క్షణం గవర్రాజుకి అతని మీద పాత ప్రేమంతా పొంగుకొచ్చింది. కుడిభుజం ఆనించి తనూ ఎత్తాడు. ఇద్దరి మీదా జాక్సన్ బరువు పడింది. ఎవరో బ్లేడుతో గుడ్డ కోశారు. ముగ్గురూ కలిసి నేల మీద పడ్డారు.

గవర్రాజు ముడి ఊడదీసి ఛాతీ మీద అదిమాడు. జాక్సన్ మొహం నీలంగా ఉంది. నోటి మూలన నురగ. ఎంతసేపటికో దగ్గొచ్చింది, తర్వాత గొంతులోంచి ఊపిరి గీరుకుంటూ లోపలికి పోయింది. తెరుచుకున్న ఒక్క కంట్లో కృతజ్ఞత లేదు.

"ఎందుకు దించీనారు?" అన్నాడు.

గవర్రాజు అచ్యుతరామయ్య చెయ్యి పట్టుకుని జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పాడు. మాత్ర సంగతి, పిండి మాత్ర సంగతి, కొక్కెం, నాగవంశీ చెప్పిన పేరు. ధనశ్రీని వెంటనే పట్టుకోమన్నాడు, తాను గంజాయి మాట తెలివితక్కువగా ఆమె ముందే ఎత్తానని, ఆమె ఇంక ఆగదని చెప్పాడు. సీఐ జీపు తీయమని కేక వేశాడు.

అప్పుడు వినపడింది వాకిట్లో కారేజీ చప్పుడు. దీవెనమ్మ ఆయాసపడుతూ లోపలికొచ్చింది. కొడుకు మెడ మీద ఎర్రటి వాత చూసింది. నేల మీద పడి ఉన్న లుంగీ చీలిక చూసింది. వచ్చి పక్కన కూర్చుని వాడి తల ఒళ్ళోకి తీసుకుంది. రొంటిన ఉన్న అట్ట బయటికి తీసింది.

"డాక్టరమ్మ ఇప్పుడే ఫోను సేసినాది బాబూ. నీ కొడుక్కి బెంగ ఎక్కువైనాది, మిగిలిన మాత్రలన్నీ ఒక్కపాలే ఇచ్చీ, తేలిక పడతాడన్నాది. రోజూ నా సేత్తోనే ఏస్తన్నాను, కూడొద్దంటాడు గానీ మాత్ర కాదనడు." ఆవిడ అప్పటికే మాత్రలు అరచేతిలోకి ఒలుచుకుంటోంది. "ఎయ్యమంటారా?"

గవర్రాజు నెత్తుటి చెయ్యి ఆ మాత్రల వైపు చాచాడు. అచ్యుతరామయ్య జీపు తాళాలు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

అమ్మ చెయ్యి దగ్గరికి రావడం చూసి జాక్సన్ ఉన్న ఒక్క కన్నూ మూసుకుని నోరు తెరిచాడు.